మా ఆయన జలుబుకు సాక్ష్యం

మా ఆయన విమానం నడుపుతారు. పూర్తిగా ఆయనే నడుపుతారని కాదు, కుడివైపు సీట్లో కూర్చుంటారు. ఎడమవైపు సీట్లో కెప్టెన్ ఉంటాడు. రాయపూర్‌లో మా వీధిలో ఎవరికీ ఈ తేడా తెలియదు. తెలియకుండా మా అత్తగారు చూసుకుంటారు. ఆవిడ లెక్కలో ఆ కెప్టెనే మా ఆయనకి సాయానికి వచ్చినవాడు.

ఆయన ఉద్యోగం ముంబయిలో. నాలుగైదు రోజులు వరసగా ఎగిరి, సెలవు దొరకగానే రాయపూర్ వచ్చేస్తారు. నేనూ మా పాపా అత్తమామల దగ్గరే ఉంటాం. మా మామగారు రైలింజను డ్రైవరుగా రిటైరయ్యారు. పలాస వైపునుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. కొడుకు ఉద్యోగం గురించి ఆయన అభిప్రాయం ఒక్కటే. "మేం సిగ్నల్ చూసి బండి నడిపాం. వీళ్ళకి పైన సిగ్నలే లేదు. మరి జీతం దేనికో" అంటారు.

ఆ ఏడాది కంపెనీకీ పైలట్లకీ కొత్త ఒప్పందం మీద మాటలు నడుస్తున్నాయి. జీతం సంగతి తేలింది, డ్యూటీ గంటల సంగతీ తేలింది. సిక్ లీవు దగ్గర ముడిపడింది. పైలట్లకు జబ్బులన్నీ పండగల ముందూ, సెలవులకు అటూ ఇటూ వస్తున్నాయని కంపెనీ కనిపెట్టింది. అందుకని జబ్బని చెప్పినవాళ్ళ ఇంటికి మనిషిని పంపి, నిజమో కాదో చూసుకుంటామంది. ఒంట్లో బాగోకపోతే ఎగరకూడదని రూలు పెట్టిందే మీరు కదా, ఇంటికి మనిషిని పంపితే భయపడి జబ్బుతోనే ఎగురుతారు, అప్పుడు ఎవరిది పూచీ అని పైలట్లు అడిగారు. మంచి ప్రశ్నే. మంచి ప్రశ్నలకు జవాబు చెప్పడం ఆలస్యం కాబట్టి, ఆలోపల ఒక ప్రయోగం చేసి చూద్దామని కంపెనీ మనుషుల్ని పంపడం మొదలుపెట్టింది.

ఆ ప్రయోగంలో రాయపూర్ వంతు మా ఇంటికి వచ్చింది.

అసలు జలుబు తెచ్చింది మా పాప. ప్లే స్కూలు నుంచి అది అక్షరాలు తేకపోయినా జలుబు మాత్రం క్రమం తప్పకుండా తెస్తుంది. దానికి తుమ్ము వస్తే నాకు నిమోనియా గుర్తొస్తుంది. దగ్గితే పెద్దాస్పత్రి గుర్తొస్తుంది. నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. నా చదువంతా ఇప్పుడు ఈ పనికే ఉపయోగపడుతోంది. ఆ వారం నేను పాప గురించి భయపడుతుంటే, అది వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చుని ఆయన మొహంలోకి తుమ్మింది. నా భయాల చిట్టాలో మా ఆయన లేరు. అక్కడే దెబ్బతిన్నాను.

మామూలు మనిషికి జలుబు ముక్కులో ఉంటుంది. పైలట్‌కి చెవిలో ఉంటుంది. ముక్కు మూసుకుంటే చెవి లోపలి దారి కూడా మూసుకుపోతుంది. విమానం కిందికి దిగేటప్పుడు బయటి గాలి బరువు పెరుగుతుంది, లోపలి గాలి సర్దుకోవడానికి దారుండదు. నొప్పికి కళ్ళు బైర్లు కమ్ముతాయి, ఒక్కోసారి చెవి పొర చిరుగుతుంది. నిద్రమత్తు తెచ్చే జలుబు మాత్రలేమో డ్యూటీలో వేసుకోకూడదు. కాబట్టి మా ఆయన ఫోనులో కంపెనీ యాప్ తెరిచి 'సిక్' అని నొక్కారు. ఎక్కడ ఉన్నారని అది అడిగింది. రాయపూర్ అని కొట్టారు. తప్పు అక్కడే జరిగింది. సొంతూళ్ళో, పెళ్ళాంబిడ్డల మధ్య జబ్బుపడటం కంపెనీ దృష్టిలో అనుమానించదగ్గ విషయం. నిజాయితీగల పైలట్ డ్యూటీ ఊళ్ళో, అద్దె గదిలో, ఒంటరిగా జబ్బుపడతాడు.

"మా రోజుల్లో సిక్కవాలంటే ముందు ఆరోగ్యం బాగుండాలిరా" అన్నారు మామగారు, యాప్ చూసి. "రైల్వే ఆస్పత్రిదాకా నడవాలి. లైన్లో నిలబడాలి. డాక్టరు సాబ్‌తో బహస్ చేసి ఒప్పించాలి. ఇంత ఓపికున్నోడికి సిక్కెందుకయ్యా అని డాక్టరు పంపీసేవాడు."

"మరి మీరేం చేసేవారు?"

"బండెక్కీవోణ్ణి."

మరునాడు మా ఆయన్ని టాటీబంధ్ వైపున్న చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు చెవులూ మూసుకున్నాయని, తగ్గేదాకా ఎగరొద్దని ఆయన చీటీ రాసిచ్చాడు. వెంటనే ఫోటో తీసి కంపెనీకి పంపాం. వచ్చేటప్పుడు టాటీబంధ్ చౌరస్తాలో లారీల మధ్య ఇరుక్కుని ఇల్లు చేరేసరికి బాగా ఆలస్యమైంది.

అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"మీ కంపెనీవోళ్ళు మనిషిని పంపార్రా. నీ గురించి అడగడానికి."

మా ఆయన చెప్పులు విప్పుతూ ఆగిపోయారు. "ఏం అడిగాడమ్మా?"

"బేటా కీ తబియత్ కైసీ హై అన్నాడు. నీ ఒంట్లో ఎలా ఉందని."

"నువ్వేం చెప్పావు?"

"ఏటి చెప్తాను? ఏక్‌దమ్ బఢియా అన్నాను. భగవాన్ కీ దయా సే ఏ లోటూ నేదన్నాను."

మా ఆయన అక్కడే అరుగు మీద కూర్చున్నారు. నేను పాపని ఎత్తుకుని అలాగే నిలబడ్డాను.

"మరి నేనెక్కడున్నానని అడగలేదా?"

"అడగకేం. బహూని తీసుకుని బజార్ గయా అన్నాను. ఆస్పత్రి అని నా నోటితో అంటానేటి?"

"అమ్మా, తూ భీ నా…"

"ఏం, తప్పేటి? ఇంటికొచ్చినోడికి టీ ఇచ్చాను, జంతికలు పెట్టాను. మావోడికి ఇవంటే ప్రాణం, నిన్న డబ్బాకి సగం తినీసినాడు అన్నాను."

"నేనా? నాకు మింగుడే పడట్లేదు కదా."

"తిన్నది మీ నాన్న. ఆ మనిషికి అదంతా దేనికి?"

వచ్చిన మనిషి కంపెనీవాడు కూడా కాదు. బ్యాంకులు లోన్లిచ్చే ముందు వాటి తరఫున ఇళ్ళు చూసొచ్చే ఒక ఏజెన్సీ మనిషి. నడివయసువాడు, మర్యాదస్తుడట. అలవాటు ప్రకారం ఇల్లు సొంతమా అద్దెదా అని కూడా అడిగాడట. సొంతమని, పైన రెండు గదులు వేసే ఆలోచన ఉందని అత్తగారు చెప్పారు. చివర్లో గేటు దగ్గర ఆవిణ్ణి నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. చీర మార్చుకొస్తానంటే అక్కర్లేదన్నాడని ఆవిడకి ఆ ఒక్కటే వెలితి.

రెండో రోజుకే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఉద్యోగి ఇంట్లో లేరు. ఆరోగ్యం చాలా బాగున్నట్టు తల్లి తెలిపారు. భార్యతో బజారుకు వెళ్ళారు. ఆకలి బాగుంది. ఇల్లు సొంతం. ఈ విషయమై మీ సంజాయిషీ ఏమిటి?

సంజాయిషీ నచ్చకపోతే పోయేదేమిటో మాకు తెలుసు. కెప్టెన్ శిక్షణకు తర్వాతి బ్యాచిలో మా ఆయన పేరు ఉంది. ఏళ్ళ తరబడి ఆ పేరు కోసమే ఎదురుచూశాం. రికార్డులో అనుమానం ఉన్నవాడికి ఎడమవైపు సీటు ఇవ్వరు.

మా ఆయన ఎప్పుడూ వాళ్ళమ్మ మీద గొంతు పెంచరు. ఆ రోజు గొంతు బొంగురుపోయి ఉండటం మేలైంది. "బాగోలేదని చెప్పడానికి ఏమైందమ్మా నీకు?" అని మాత్రం అడిగారు.

అత్తగారు బియ్యంలో రాళ్ళేరుతున్నారు. తలెత్తకుండానే అన్నారు. "నీకు తెల్దురా. నేను డ్రైవరు పెళ్ళాన్ని. మన పక్క క్వార్టర్లో ఆవిడ, ఆళ్ళాయనకి సందెకాడ మసకగా కనిపిస్తాందని నీళ్ళ కొళాయి దగ్గర అనీసింది. అంతే. అది ఆఫీసుదాకా ఎల్లింది. కళ్ళు పరీక్ష చేసి ఆయన్ని ఇంజను మీంచి దింపీసినారు. మళ్ళీ ఎక్కనేదు. ఉద్యోగం ఇచ్చినోడొచ్చి ఎలా ఉన్నావంటే బాగున్నాననాలి. బాగోనేదంటే బాగోనోడికిందే రాస్కుంటాడు."

మామగారు పేపరు మడిచారు. "ఆ మాట నిజమేరా" అన్నారు.

అంటే ఆవిడ కంపెనీని నమ్మించడానికి అబద్ధం చెప్పలేదు. కొడుకు ఉద్యోగం కాపాడటానికి చెప్పారు. పైగా బాగా చెప్పారు. ఇంత బాగా చెప్పడం వల్లే ఉద్యోగం మీదికి వచ్చింది.

ఆ సాయంత్రం పైలట్ల తరఫున చర్చలకు వెళ్ళే ఒక సీనియర్ కెప్టెన్ ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టి విన్నాం. ఇంటికి మనిషిని పంపడం అవమానమని, ఇంట్లోవాళ్ళని ప్రశ్నించడం మరీ అన్యాయమని వీళ్ళు బల్ల గుద్ది వాదిస్తుంటే, కంపెనీవాళ్ళు ఏమీ మాట్లాడకుండా మా అత్తగారి ఫోటో తెర మీద వేశారట. గేటు దగ్గర నవ్వుతూ నిలబడి ఉన్నారట. చేతిలో జంతికల ప్లేటు కూడా ఉందట.

"భాయ్, మేం ముప్పైమంది పైలట్లం కలిసి చెయ్యలేని పని మీ మదర్ ఒక్కతే చేసింది" అన్నాడాయన. "కాకపోతే అటువైపు."

ఆయనే ఇంకో మాట చెప్పాడు. కంపెనీ డాక్టరూ, హెచ్.ఆర్. ఆవిడా కలిసి వీడియోలో మాట్లాడతారు, తల్లిని కూడా పిలుస్తారు. ఆ రోజు కొడుక్కి ఒంట్లో బాగోలేదని తల్లి తన నోటితో ఒక్క మాట అంటే చాలు.

ఆ ఒక్క మాట కోసం మా ఇంట్లో రిహార్సళ్ళు మొదలయ్యాయి. మామగారు ఒకప్పుడు యూనియన్‌లో బ్రాంచి సెక్రటరీ. కుర్చీ హాలు మధ్యకి లాక్కుని కూర్చున్నారు.

"నేను మేనేజిమెంటుని. చెప్పు. ఆ రోజు మీ అబ్బాయికి ఒంట్లో ఎలా ఉంది?"

"బాగుందండీ."

"మళ్ళీ మొదటికొచ్చావు."

"నోరు రావట్లేదండీ. కావాలంటే పగోడికి బాగోనేదని చెప్తాను. వోళ్ళే అర్థం చేస్కుంటారు."

"పగోడికి సిక్ లీవు ఇవ్వరు" అన్నారు మామగారు.

నేను మెల్లిగా నేర్పించాలని చూశాను. "అత్తయ్యా, హిందీలో అయితే అంత కటువుగా ఉండదు. తబియత్ ఖరాబ్ థీ అనండి, చాలు."

"ఖరాబయ్యేది పెరుగమ్మా. కన్నకొడుకుని పట్టుకుని ఆ మాటంటావేటి?"

"నలతగా ఉందని అనండి పోనీ."

"అది మనోళ్ళతో చెప్పుకునే మాట. ముంబయోళ్ళకి దేనికి?"

ఆవిడ ఇంత పట్టుబడుతూనే, ఇంట్లో చెయ్యాల్సినవన్నీ చేస్తున్నారు. పూటపూటకీ వేడినీళ్ళలో పసుపు వేసి ఆవిరి పట్టిస్తున్నారు. వాము మూటకట్టి వెచ్చచేసి చెవి దగ్గర పెడుతున్నారు. కుంకుమ కలిపిన ఎర్రనీళ్ళతో కొడుక్కి దిష్టి తీసి ఆ నీళ్ళు వీధిలో పోసొస్తున్నారు. ఎవరైనా అడిగితే పాపకి తీశానని చెబుతున్నారు. పాపకి కూడా కాదు, పాప బొమ్మకి అని ఒకసారి పక్కింటావిడతో అనడం నేను విన్నాను.

వీడియో ముందురోజు నా అసలు భయం బయటపడింది. మా ఆయన కిటికీ దగ్గర ముక్కు మూసుకుని, చెవుల్లోకి గాలి ఊది చూసుకుంటున్నారు.

"రేపు ఫిట్ అని నొక్కేస్తాను. డ్యూటీకి వస్తానంటే ఇక అనుమానం ఏముంటుంది? బ్యాచిలో పేరు నిలుస్తుంది" అన్నారు.

"చెవులో?"

"ఒకటి తెరుచుకుంది."

"ఒక్క ఇంజనుతో విమానం ఎగురుతుందా మరి?"

"టెక్నికల్‌గా ఎగురుతుంది."

పైలట్‌ని పెళ్ళి చేసుకుంటే దెప్పిపొడవడానికి కూడా సరైన పోలిక దొరకదు. జబ్బులేని వాణ్ణి పట్టుకోవడానికి పెట్టిన తనిఖీ, జబ్బున్నవాణ్ణి విమానం ఎక్కిస్తోంది. ఇంతకన్నా మా ఆయన అబద్ధం చెప్పి ఇంట్లో పడుకుని ఉంటే వెనకాల కూర్చునేవాళ్ళకి క్షేమం. ఆ వెనకాల కూర్చునేవాళ్ళలో నాలాంటిది ఒకతి పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఉంటుందని, దాని ఊపిరి చూసుకుంటూ ఉంటుందని నాకు తెలుసు. తనకి ముందు కూర్చున్నవాడి చెవి గురించి ఆవిడకి భయపడాలని కూడా తెలియదు.

వీడియో రోజు అత్తగారు పట్టుచీర కట్టుకున్నారు. తెర మీద కంపెనీ డాక్టరు, హెచ్.ఆర్. ఆవిడ, ముఖం కనిపించని ఇంకొకరు. హెచ్.ఆర్. ఆవిడ ఇంటినుంచే పనిచేస్తున్నట్టుంది, వెనక ఆరేసిన చిన్న చొక్కాలు కనిపిస్తున్నాయి. కుశలాలయ్యాక ఆవిడ గొంతు సవరించుకుంది.

"మాతాజీ, ఉస్ దిన్ ఆప్ కే బేటే కీ తబియత్ కైసీ థీ?"

మామగారు కెమెరాకి అందకుండా పక్కన నిలబడి, చెప్పు చెప్పు అని చెయ్యి ఊపుతున్నారు. అత్తగారు పెదవి విప్పారు, మూశారు.

అప్పుడు తెరలోంచి దగ్గు వినిపించింది. చిన్నపిల్లల దగ్గు. గొంతులోది కాదు, ఛాతీలోంచి వచ్చేది. అలాంటిది నేను గోడ అవతలినుంచైనా పోల్చుకోగలను. ఆవిడ గబుక్కున మైకు మూసి, మళ్ళీ తెరిచి సారీ చెప్పింది.

"బచ్చా హై?" అన్నారు అత్తగారు.

"జీ."

"కైసా హై?"

"ఠీక్ హై, మాతాజీ. బిల్‌కుల్ ఠీక్ హై."

అత్తగారు తల ఊపారు. "మేరా భీ వైసే హీ ఠీక్ థా" అన్నారు.

నావాడు కూడా అలాగే బాగున్నాడు అని. హెచ్.ఆర్. ఆవిడ కిందికి చూసి ఏదో రాసుకుంది. డాక్టరు అడిగాడు, చెవి డాక్టరు రాసిన కాగితం ఏమైనా ఉందా అని. చూపించుకున్న రోజే పంపామని మా ఆయన చెప్పారు. ఆయన వెతికాడు. ఉంది. అప్పుడే తెరిచాడు. అంతవరకు దాన్ని ఎవరూ తెరవలేదు. డాక్టరు చీటీలు డబ్బిస్తే దొరుకుతాయని కంపెనీ నమ్మకం. నిజం తెలియాలంటే ఇంటికెళ్ళి తల్లినే అడగాలి.

చీటీ చదివి డాక్టరు అనుమానం తీసేస్తున్నట్టు చెప్పాడు. మామగారు కుర్చీలో కూలబడ్డారు. నేను ఊపిరి వదిలేలోపే డాక్టరు మళ్ళీ అన్నాడు, శిక్షణ బ్యాచి పేర్లు రేపు ఖాయం చేస్తున్నారు, ఫిట్ అయినవాళ్ళనే తీసుకుంటారు, ఇప్పుడు మీకెలా ఉంది అని.

ఆ ప్రశ్న మా ఆయనకి. ఆయన నావైపు చూడలేదు. వాళ్ళమ్మ వైపు కూడా చూడలేదు. మేనేజిమెంటు మళ్ళీ అడగాల్సి వచ్చింది.

"బాగోలేదు సర్" అన్నారు హిందీలో. "ఎడమ చెవి ఇంకా మూసుకునే ఉంది. నేను ఎగరలేను."

మా ఇంట్లో ఉద్యోగం ఇచ్చినవాడి మొహం మీద ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. అత్తగారు కళ్ళు మూసుకుని, శివశివా అనుకుంటూ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. పట్టుచీర కొంగు కుర్చీకి చిక్కుకుంటే మామగారు విడిపించారు.

ఒప్పందం ఆ తర్వాత ఎప్పటికో కుదిరింది. తనిఖీ ఉంటుంది గానీ, డాక్టరు చీటీ చూశాకే ఉంటుంది. ఇంట్లోవాళ్ళని అడగరు, వాళ్ళ మాట అటూ ఇటూ కూడా చెల్లదు. పైలట్లు ఇది తమ విజయమన్నారు. కంపెనీ తన ఔదార్యమంది. ఈ సంగతి చెప్తే అత్తగారికి కోపం వచ్చింది. "నన్ను అడక్కుండా ఆడి సంగతి ఇంకెవర్ని అడుగుతారట?" అన్నారు.

బ్యాచిలో పేర్లు మాత్రం చెప్పినట్టే మర్నాడు ఖాయం చేశారు. మా ఆయనకన్నా జూనియర్ ఒకతను ఆ చోటులోకి వెళ్ళాడు. ఎప్పుడూ సిక్ పెట్టని మనిషి. నేను ఆవిరికి నీళ్ళు కాచి తెచ్చేసరికి ఆ మెసేజి వచ్చింది. మా ఆయన చదివి, ఫోను బోర్లా పెట్టి, తల మీద తువ్వాలు కప్పుకుని గిన్నె మీదికి వంగారు. పాప ఆ తువ్వాలు కింద దూరాలని గునుస్తుంటే పట్టుకుని కూర్చున్నాను. అత్తగారు పక్కనే చేరి నీళ్ళలో పసుపు వేశారు.

"ఎవర్రా మెసేజి?"

"బ్యాచి వెళ్ళిపోయిందమ్మా."

ఆవిడ పసుపు డబ్బాకి మూత పెట్టారు. తర్వాత తువ్వాలు మీదనుంచే తల నిమిరారు. "ఎలా ఉంది నాన్నా?"

"బాగోలేదమ్మా" అన్నారు తువ్వాలు లోపలినుంచి.

అత్తగారు వీధి తలుపు వైపు చూశారు. వేసే ఉంది.

"అవున్రా" అన్నారు మెల్లిగా. "బాగోనేదు."